బానెట్ వేడిగా ఉంది, నేనే పట్టించుకోలేదు

కారు కొన్న రోజు ఫోటో పెడితే అందరూ కంగ్రాట్స్ బ్రో అన్నారు కదా, తర్వాత ఒక్క ఫోటో కూడా లేదేంటి అని అడుగుతూనే ఉన్నారు. ఏం పెట్టమంటారు, నాలుగు నెలలు అది గ్యారేజ్‌లో ఇంజన్ లేకుండా బోసి నోరు తెరుచుకుని నుంచుంది. సరే, ఇవాళ మొత్తం రాసేస్తా, కడుపుబ్బరం తీరుతుంది.

1970 షెవెల్, అమెరికా షెవర్లే కంపెనీ పాత కారు. ఎర్ర రంగు, బానెట్ మీద రెండు నల్ల చారలు. ఈ కండల కార్ల (మజిల్ కార్లు, అంటే మామూలు బాడీలో భారీ ఇంజన్) పిచ్చి 1964లో పాంటియాక్ జీటీఓతో మొదలైందంటారు, 1970కి అది నెత్తికెక్కింది, మిడ్‌సైజ్ కార్లలో 400 క్యూబిక్ ఇంచులు దాటిన ఇంజన్ పెట్టకూడదన్న రూల్‌ని షెవర్లే సొంతదారు జీఎం ఆ ఏడే ఎత్తేసి షెవెల్‌లో 454 క్యూబిక్ ఇంచుల ఇంజన్ దింపింది, అందులో ఎల్ఎస్6 అనే రకం అయితే 450 హార్స్‌పవర్. అది మన లెక్కలో లేదు లెండి, దాని రేటుకి మా ఊళ్ళో ఇల్లొస్తుంది. నాది షెవెల్‌లోనే మామూలు మాలిబు మోడల్, ఎవరో ఖరీదైన ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) మోడల్ బ్యాడ్జీలు అతికించారు, అది తెలిసే కొన్నా. లోపల 350 క్యూబిక్ ఇంచుల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్), అంటే 5.7 లీటర్లు. మా ఇంటి పాత మారుతి 800 ఇంజన్ 796 సీసీ, అలాంటివి ఏడు కట్టకట్టి ఒక్క బానెట్ కింద పెట్టారనుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న లారీ షెడ్డుకొచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని గ్రీజు వాసన పీల్చి పెరిగినోడిని, నాకు ఇంజన్ గురించి తెలుసు అని ఒక పొగరు. ఆ పొగరు ఖరీదు ఎంతో చివర్లో చెప్తా.

అమ్మినాయన ఇక్కడ టెక్సస్‌లో వేకో దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. పెద్దాయన, మర్యాదస్తుడు, ఐస్‌డ్ టీ కూడా ఇచ్చాడు. యాడ్‌లో "నంబర్స్ మ్యాచింగ్" అని రాశాడు, అంటే కారుతో పాటు పుట్టిన ఇంజనే ఇప్పటికీ అందులో ఉందని, ఆ రెండు మాటలకే రేటు పెరిగిపోతుంది. బానెట్ ఎత్తితే కళ్ళు చెదిరాయి, నారింజ రంగు ఇంజన్, క్రోమ్ మూతలు, ఒక్క నూనె చుక్క లేదు, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఉంది. ఎత్తేటప్పుడు చెయ్యి కాలింది. "ఇప్పుడే గ్యాస్ కొట్టించుకొచ్చా" అన్నాడు, ఇక్కడ పెట్రోల్‌ని గ్యాస్ అంటారు. పాపం మన కోసం ట్యాంక్ నింపాడు అనుకున్నా నేను, చూడండి ఎంత తెలివో. సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంది, ఆ వీ8 గురగురకి నా మెదడు పని చెయ్యడం ఆగిపోయింది, ఆయిల్ ప్రెషర్ ముల్లు 40 పైన నిలబడి ఉంది, ఇంకేం కావాలి. 31 వేల డాలర్ల చెక్కు ఇచ్చా, "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టు, తర్వాత అమ్మినోడికి సంబంధం లేదు) అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టా, దాని పైన టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం వేరే.

వచ్చేటప్పుడు ఐ-35 హైవే మీద హిల్స్‌బరో దగ్గర, రోడ్డు డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ చీలే చోట, అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా. ముల్లు మెల్లగా దిగడం మొదలెట్టింది. 30, 20, ఐడ్లింగ్‌లో 8. ఈ ఇంజన్లకి పాత మెకానిక్‌ల లెక్క ఒకటుంది, వెయ్యి ఆర్‌పీఎమ్‌కి కనీసం 10 పీఎస్ఐ (ఆ ముల్లు చూపించే ప్రెషర్ కొలత) ఉండాలని. గేజ్ పాడైంది అనుకున్నా, అలా అనుకోవాలనిపించింది. ట్రాఫిక్ వదిలాక కాస్త రేస్ ఇస్తే ముల్లు ఎక్కాల్సినంత ఎక్కలేదు, పైగా లోపల్నుంచి టక్ టక్ మని ఒక చప్పుడు, రేడియో పెట్టేశా.

పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మొదటిసారి సెల్ఫ్ కొట్టా. వెనకాల నీలం పొగ, ఎదురింటి వాళ్ళ కుక్క మొరిగింది. నాన్నకి వీడియో కాల్ చేశా, అక్కడ రాత్రి తొమ్మిదో పదో.

"పొగ ఏ రంగురా?"

"నీలం నాన్నా."

"ఆయిల్ తాగుతోంది. తెల్లగా వస్తే నీళ్ళు. ఆ చప్పుడు దగ్గరగా పెట్టు... సరే గానీ, కొనేటప్పుడు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశావా, చల్లగా ఉందా?"

నేనేం మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు సెకండ్ హ్యాండ్ లారీలు కొని అమ్మిన మనిషి, కొనడానికి ఎవరింటికెళ్ళినా ముందు బానెట్ మీద చెయ్యి వేసి ఆ తర్వాతే నమస్కారం పెట్టేవాడు, ఇదంతా చూసి పెరిగి నేను చేసొచ్చిన ఘనకార్యం ఇది. వేడెక్కిన ఇంజన్ చాలా దాస్తుంది, మెటల్ వ్యాకోచించి సందులు పూడుకుంటాయి, తెల్లారగట్ల వచ్చే పొగ రాదు, చప్పుళ్ళు సర్దుకుంటాయి.

ఆయిల్ దింపితే ధారగా రాలేదు, తేనె జారినట్టు జారింది. చిక్కటి ఆయిల్, దాని మీద ఇంకా చిక్కబరిచే మందేదో డబ్బాలకి డబ్బాలు పోసుంటారు, ప్రెషర్ ముల్లు 40 మీద ఎందుకు నిలబడిందో అప్పుడర్థమైంది. ఎండలో పెట్టి చూస్తే పట్టుచీర జరీ లాగా మెరుపు. అయస్కాంతం పెట్టా, కొంత అతుక్కుంది, కొంత అతుక్కోలేదు. అతుక్కోనిది రాగి రంగులో ఉంది, అంటే బేరింగ్ పైపొర అరిగిపోయి లోపలి రాగి పొర దాకా వచ్చేసింది. కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ప్రెషర్) చూస్తే ఆరు సిలిండర్లు 140, 150 మధ్యలో ఉన్నాయి, మూడోదీ ఐదోదీ మాత్రం 90 దగ్గర ఆగిపోయాయి. ఈ ఇంజన్‌లో బేసి నంబర్లన్నీ డ్రైవర్ వైపు, మూడూ ఐదూ పక్కపక్కనే, కాబట్టి ఆ రెంటి మధ్యలో గాలి దాటకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయినట్టే.

ఇక ఇంజన్ దించడమే. హాయిస్ట్ (ఇంజన్ ఎత్తే చిన్న క్రేన్) అద్దెకి తెచ్చి, ఒక ఫ్రెండ్‌ని బిర్యానీ ఆశపెట్టి పిలిచి, శనివారం మొత్తం పట్టింది. చాంబర్ విప్పితే (ఇక్కడోళ్ళు ఆయిల్ పాన్ అంటారు, నాకు మాత్రం చాంబరే) అడుగున నల్లటి మడ్డి, అందులో చింతగింజ పలుకుల్లాంటి ముక్కలు. వేళ్ళతో నలిపితే పుటుక్కున విరిగాయి. ప్లాస్టిక్. ఇంజన్‌లో ప్లాస్టిక్ ఏంట్రా అని ఇద్దరం మొహాలు చూసుకున్నాం. తర్వాత తెలిసింది, అప్పట్లో చాలా అమెరికన్ వీ8లకి టైమింగ్ చైన్ చప్పుడు రాకుండా క్యామ్ షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) గేర్ పళ్ళకి నైలాన్ తొడుగు వేసేవాళ్ళు. ఇన్నేళ్ళ వేడికి అది పెళుసెక్కి రాలి చాంబర్‌లో పడి ఆయిల్ పంప్ పీల్చే జల్లెడకి అడ్డం పడింది. జల్లెడ మీద సగానికి పైగా అవే. బేరింగ్‌లకి ఆయిల్ అందక అరిగిపోయాయి, ఆ చైన్ ఏమో బొటనవేలితో నొక్కితే పాత సైకిల్ చైన్ లాగా వేలాడింది. క్యామ్ షాఫ్ట్ మీద ఒక లోబ్‌కి (వాల్వుని తోసే ఉబ్బెత్తు) మొనే లేదు, గుండ్రంగా అరిగిపోయింది, దాని మీద ఆనుకుని తిరిగే లిఫ్టర్ అనే ముక్క అడుగు నున్నగా ఉండాల్సింది పోయి దీపపు ప్రమిదలా గుంట పడింది. ఇలాంటి పాత క్యామ్‌లకి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి, ఇప్పటి మామూలు ఆయిల్స్‌లో కెటాలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) పాడవకూడదని అది తగ్గించేశారు. నేను రేడియో పెట్టి మూయించిన టక్ టక్ ఇదే.

అసలు దెబ్బ ఇంకా ఉంది. స్టాండ్ మీద పెట్టి వెనకాల కడుగుతుంటే బ్లాక్ మీద 3970010 అని పోత నంబర్ కనపడింది, సరే, అది 1969 నుంచి వాడిన బ్లాకే, పర్లేదు. ఇటు పక్క తేదీ: కె 12 4. వీళ్ళ లెక్కలో నెలకో అక్షరం, ఏ అంటే జనవరి, కె అంటే నవంబర్, తర్వాత తారీకు, తర్వాత సంవత్సరం చివరి అంకె. ఆ బ్లాక్ 1969 ముందు లేదు కాబట్టి 4 అంటే 1974. నా కారేమో 1970! కారు రోడ్డెక్కిన నాలుగేళ్ళకి పుట్టిన ఇంజన్. ముందు వైపు, ప్యాసింజర్ సైడ్ హెడ్ కింద చిన్న పట్టీ ఉంటుంది, విన్ అనే కారు గుర్తింపు నంబర్ ముక్క దాని మీద కొడతారు, అక్కడ నారింజ పెయింట్ దోసెపిండిలా మందంగా ఉంది. థిన్నర్ పోసి గుడ్డతో రుద్దితే ఒక్కో అంకె బయటపడింది, 10తో మొదలవ్వాల్సిన నంబర్ 15తో మొదలైంది, అందులో రెండో అంకె సంవత్సరానిది, అంటే 1975 మోడల్ కారుది. అప్పటికి కంప్రెషన్ తగ్గించేసి ఈ ఇంజన్ల కోరలు పీకేశారు.

ఆ పెయింట్ ఆయనే పూశాడా, ఆయనకీ ఎవరో ఇలాగే అంటగట్టారా తెలీదు. ఫోటోలు పంపా. "యాజ్ ఈజ్, ఫ్రెండ్" అని రిప్లై. బానెట్ ముందే వేడి చేసి పెట్టినాయనకి ఏమీ తెలీదంటే మాత్రం నేను నమ్మను.

మెషిన్ షాప్‌లో బోర్ చేయించి, క్రాంక్ గ్రైండింగ్, కొత్త పిస్టన్లు, హెడ్లు, ఈసారి స్టీల్ గేర్లు, అన్నీ కలిపి 5,400 డాలర్లు. పొగరు ఖరీదు ఇదే, వీపు నొప్పి అదనం. కొత్త క్యామ్‌కి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడ్లింగ్‌లో వదలకూడదు, ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎమ్ పైనే తిప్పాలి, ఆ ఇరవై నిమిషాలూ వీధి వీధంతా నన్నే చూసింది.

నిన్న పొద్దున నాన్నకి చూపిద్దామని కాల్ చేశా. సెల్ఫ్ కొట్టబోతుంటే ఆగమన్నాడు. "ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉందా?" ఉంది నాన్నా అన్నా. "ఫోన్ వెనక్కి తీసుకెళ్ళు, పొగ చూడాలి." మా ఆవిడ ఫోన్ పట్టుకుని సైలెన్సర్ దగ్గర కూర్చుంది, నేను కొట్టా. పొగ లేదు. ప్రెషర్ 55, వేడెక్కాక 25. ఊఁ అన్నాడు, అంతే, పడుకుంటానని పెట్టేశాడు.

సాయంత్రం చూస్తే కింద రూపాయి బిళ్ళంత ఆయిల్ మరక. ఈ పాత 350లకి ఇంజన్ వెనక ఆయిల్ ఆపే సీల్ రెండు ముక్కలుగా ఉంటుంది, కారడం మామూలే అంటున్నారు. అట్టముక్క పరిచి వచ్చా, నాన్నకి ఇంకా చెప్పలేదు.