రోజూ నాలుగు వాక్యాలు: డైరీ మధ్యలో ఆగిపోకుండా

జనవరి ఒకటిన మొదలైన డైరీలు చాలావరకు సంక్రాంతి దాటవు. బద్ధకమని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పంతా తేదీలు అచ్చేసిన ఆ డైరీదే. రెండు రోజులు ఊరెళ్ళొస్తే రెండు పేజీలు ఖాళీ. వాటిని నింపుదామని కూర్చుంటే మొన్నటి సంగతి గుర్తుకు రాదు, ఆ చిరాకులో ఇవాళ్టిదీ రాయం. అందుకే మామూలు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొనుక్కోండి. తేదీ, వారం, ఊరు మీరే వేసుకోండి. తప్పిన రోజును వదిలేసి, ఆ కింది గీత నుంచే ఇవాళ్టిది మొదలుపెట్టండి.

కొనేటప్పుడు గీతల మధ్య ఎడం చూడాలి. పై వరసలోని వత్తు కిందికి దిగుతుంది, కింది వరసలోని గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ కలిసిపోతాయి. ‘రాష్ట్రం’ కింద ‘స్త్రీ’ రాసి చూడండి, తెలిసిపోతుంది. ఇరుకు గీతలదే దొరికితే గీత విడిచి గీత రాయడం మేలు. పల్చటి కాగితం మీద జెల్ పెన్ను సిరా వెనక పేజీకి దిగుతుంది, తడి తగిలితే అలుక్కుపోతుంది. బాల్‌పెన్నుతో ఈ బాధ ఉండదు.

పడుకునే ముందు మంచం మీద రాస్తానంటే కుదరదు, నిద్ర ఆగదు. రాత్రి భోజనమయ్యాక, ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకునేలోపు పదిహేను నిమిషాలు చాలు. నాలుగు వాక్యాలకు తగ్గొద్దు, ఒంట్లో బాగోని రోజున ఒక్కటైనా సరే. పేజీ దాటొద్దు కూడా. మొదటి వారం ఉత్సాహంగా నాలుగేసి పేజీలు రాసినవాళ్ళకు రెండో వారంలో నోట్‌బుక్ చూస్తేనే బెదురు పుడుతుంది.

ఏం రాయాలో తోచకపోతే ఏనుగుల వీరాస్వామయ్య గారిని తలుచుకోండి. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా, దారి ఎలా ఉంది, దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా అన్నవన్నీ రాసుకుంటూ వెళ్ళారాయన. 1838లో అది పుస్తకంగా అచ్చయింది. చూసింది చూసినట్టు రాయబట్టే ఆనాటి ఊళ్ళు ఇవాళ మనకు కనబడుతున్నాయి.

‘సంతకెళ్ళాను, ఎండగా ఉంది, అలసిపోయాను’ అన్నది ఏ రోజుకైనా అతుకుతుంది. అదే, ‘వంకాయలు కిలో 40 అంది. పుచ్చులున్నాయన్నాను. పుచ్చు లేని వంకాయంటే మందు కొట్టిందేనమ్మా అంది ముసలావిడ’ అని రాస్తే ఆ రోజు ఇక ఎక్కడికీ పోదు. ఒక ధర, ఒక పేరు, ఎదుటివాళ్ళన్న మాట ఒకటి ఉన్నదున్నట్టు పడితే చాలు. నాకు ఈ మూడింటిలో మాటే అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. మర్నాటికి దాని అర్థం మిగులుతుంది గానీ ఆ పలుకు మిగలదు.

పెన్ను పట్టగానే చాలామందికి పేపరు భాష వచ్చేస్తుంది: ‘మార్కెట్‌కు వెళ్ళడం జరిగింది’. ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి. పోయిన, తెచ్చిన అనేవాళ్ళు అట్లనే రాయాలి. ‘ఆఫీసు’ని ‘కార్యాలయం’ చేయనక్కర్లేదు.

కోపం వచ్చిన రోజున ముందు జరిగింది రాసి, కోపం తర్వాత రాయండి. కోపమొక్కటే రాస్తే ఆరు నెలలకు అది ఎందుకొచ్చిందో మీకే తెలియదు. ఎవరైనా చదువుతారన్న భయముంటే తెలియకుండానే వాళ్ళకోసం రాయడం మొదలవుతుంది, కాబట్టి నోట్‌బుక్ బీరువాలో పెట్టి తాళం వేయండి. పేర్లకు పొడి అక్షరాలు వాడితే ఏది ఎవరో విడిగా ఒక కాగితం మీద రాసి దాచుకోవాలి, లేకపోతే కొన్నాళ్ళకు మీకే అందవు. ఫోన్లో రాసేవాళ్ళు నెలకోసారి మరోచోట కాపీ పెట్టుకోవాలి. నోటితో చెప్పి టైప్ చేయిస్తే ఒకసారి సరిచూసుకోండి, యాస మాటలు మారిపోతుంటాయి.

రాసింది నెల తిరిగేదాకా చదవొద్దు, వెంటనే చదివితే దిద్దబుద్ధేస్తుంది. మొదటి రోజే పేజీలకు నంబర్లు వేసి, చివరి రెండు పేజీలు ఖాళీగా ఉంచండి. నెలాఖరున చదువుతూ ‘బోరు రిపేరు – 37’, ‘పాపకు జ్వరం – 52’ అని అక్కడ ఎక్కించుకోండి. నిండిన నోట్‌బుక్కులను గోడ అల్మారాలో పెడితే వానాకాలం చెమ్మకూ చెదలకూ పోతాయి. ఇనప బీరువాలో, పై అరలో పెట్టండి.