మా ఆటలోని దుకాణం

మన పాఠశాల కంప్యూటర్ గదిలో మిత్రులం కలిసి తయారుచేసిన రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో (ఆటగాడు ఒక పాత్రగా మారి ముందుకు సాగే ఆటలో) గుహలు, పోరాటాలు, మాట్లాడే పాత్రలు ఎన్ని ఉన్నా, నేను ఎక్కువ శ్రద్ధ పెట్టినదీ, నేటికీ వివరంగా చెప్పగలిగినదీ అందులోని దుకాణం గురించే. శత్రువును ఓడించి సంపాదించిన నాణేలకు విలువ ఏర్పడేది అక్కడే. కొనడానికి ఏమీ లేకపోతే అవి తెర మూలన పెరుగుతూ పోయే ఒక అంకె మాత్రమే.

ఆటను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆటల తయారీకి పనికొచ్చే పైగేమ్ అనే లైబ్రరీ సాయంతో రాశాం. కత్తి, కవచం, ఔషధం వంటి ప్రతి వస్తువు పేరునూ ధరనూ ప్రభావాన్నీ ఒక జేసన్ ఫైలులో (సమాచారాన్ని పేరు-విలువ జంటలుగా రాసుకునే ఫైలులో) ఉంచి, దుకాణానికి ఆ వస్తువుల గుర్తింపు సంఖ్యల జాబితాను మాత్రమే ఇవ్వాలని మా కంప్యూటర్ మాస్టారు పట్టుబట్టారు. ఆయన మాట ఎంత విలువైనదో రెండో ఊరి దుకాణం తెరిచేటప్పుడు తెలిసింది: కోడ్ ముట్టుకోకుండా జాబితా ఒకటి చేర్చితే సరిపోయింది.

కొనుగోలు చూడటానికి చిన్న పనే. అయితే కోరిన సంఖ్య కనీసం ఒకటి ఉందా, సంచిలో చోటుందా, నాణేలు చాలుతాయా అని ముందుగా పరీక్షించి, అన్నీ సరిపోయాకే నాణేలు తీసి వస్తువు చేర్చాలి. మొదటి పరీక్ష లేకపోతే, ఆటగాడు ఋణసంఖ్య ఇచ్చినప్పుడు మొత్తం ధర కూడా ఋణమై, తగ్గవలసిన నాణేలు పెరుగుతాయి. నాణేలను పూర్ణాంకాలుగానే ఉంచాం, ఎందుకంటే 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.3కు బదులు 0.30000000000000004 అని చూపుతుంది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసినవి ధరలు. ఇలాంటి ఆటలు తయారుచేయడానికి వాడే ఆర్‌పీజీ మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చి ఉన్న పద్ధతి ప్రకారం, అమ్మిన వస్తువుకు కొన్న ధరలో సగం వస్తుంది. మేమూ అదే పాటించాం. బేరమాడే నేర్పున్న పాత్రకు 60 శాతం తగ్గింపు ఇద్దామని ఒక మిత్రురాలు ప్రతిపాదించినప్పుడు కాగితంపై లెక్క వేశాం: 100 నాణేల కత్తిని 40కి కొని, అదే గుమ్మంలో 50కి అమ్మవచ్చు. ఒక్క శత్రువునూ ఎదుర్కోకుండా అంతులేని ధనం చేతికొస్తే గుహలోకి దిగేవారెవరు? అందుకే తగ్గింపును 25 శాతానికి పరిమితం చేశాం. ఆ లెక్క చూశాక ధరను నాణేలలో కాక పోరాటాలలో కొలవడం మొదలుపెట్టాం. ఒక్కో గెలుపుకు 8 నాణేలు వచ్చే చోట 240 నాణేల కత్తి అంటే 30 పోరాటాలు. అంత ఓపిక ఆటగాడి నుంచి కోరడం న్యాయమా అన్నదే మా చర్చ. ఆట తయారీలో ఇంతకన్నా ఆసక్తికరమైన ప్రశ్న నాకు నేటికీ ఎదురుకాలేదు.

కొనకముందే పాత కత్తికీ కొత్త కత్తికీ ఉన్న బలాల తేడా పక్కనే కనిపించేలా కూడా చేశాం. దుకాణాల్లో సరుకును పరిమితంగా ఉంచే పని మాత్రం పూర్తికాకుండా మిగిలిపోయింది. ప్రతి దుకాణంలో ఏ వస్తువు ఎన్ని మిగిలాయో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే సేవ్ ఫైలులో రాయకపోతే, ఆట మళ్లీ తెరిచిన ప్రతిసారీ అలమరలు నిండిపోతాయి. ఇప్పటి విద్యార్థులెవరైనా ఆ భాగాన్ని పూర్తిచేస్తామంటే, నా దగ్గరున్న కోడ్‌ను సంతోషంగా పంపుతాను.