స్కాలర్‌షిప్పు ఢిల్లీ వాళ్లిచ్చారు, సంతకమే మా ఊళ్లో దొరకలేదు

నిన్న సాయంత్రం లిస్టులో నా పేరు చూసుకున్నాను. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే స్కాలర్‌షిప్పు నాకు వచ్చింది. హరికథకి వచ్చింది. అమ్మ ఈపాటికి వీధంతా చెప్పేసింది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం ఒకపక్క, ఈ దరఖాస్తు కోసం పడ్డ మాటలు ఇంకోపక్క. కోపం చల్లారాక రాస్తే మెత్తగా రాస్తాను. అది నాకు ఇష్టం లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముందు పథకం సంగతి. దీన్ని చూసేది ఢిల్లీ ద్వారకలో ఉన్న సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అంటే సీసీఆర్‌టీ. 1979లో పెట్టిన సంస్థ, మన హైదరాబాద్ మాదాపూర్‌లో కూడా ఒక కేంద్రం ఉంది. 18 నుంచి 25 ఏళ్ల వయసు వాళ్లకి నెలకి 5,000 రూపాయల లెక్కన రెండేళ్లు ఇస్తారు. నెలనెలా రాదు, ఆర్నెల్లకోసారి కలిపి ఇస్తారు. ఒక విడతలో దేశం మొత్తం మీద 400 మంది వరకు తీసుకుంటారు. శాస్త్రీయ సంగీతం, నాట్యం, నాటకం, చిత్రకళ, జానపద సంప్రదాయ కళలు అన్నీ ఇందులోకి వస్తాయి. చాలామంది దీన్నీ ఫెలోషిప్‌నీ ఒకటే అనుకుంటున్నారు. ఫెలోషిప్ వేరు. జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకి, నెలకి 10,000. సీనియర్ 40 దాటిన వాళ్లకి, 20,000. అది పరిశోధన చేసేవాళ్ల కోసం. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఇంకో స్కాలర్‌షిప్పు విడిగా ఉంది. మీ వయసు ఎందులోకి వస్తుందో చూసుకుని వేయండి.

అయిదు వేలు ఏ మూలకి అనేవాళ్లకి ఒక మాట. హరికథలో మనిషి ఒక్కరే. పాడాలి, ఆడాలి, కథ చెప్పాలి, ఈలోపు చేతిలో చిడతలు తప్పకూడదు. కానీ ఒంటరిగా సాధన చేస్తే సగమే వస్తుంది. ఫోన్లో శ్రుతి పెట్టుకుని పాడుకోవచ్చు, కానీ ఫోన్లో మోగే మృదంగం నా అడుగు చూసి వాయించదు. మృదంగం ఆయన్ని ఇంటికి పిలిస్తే దారిఖర్చులిచ్చి, ఎంతో కొంత చేతిలో పెట్టాలి. ఆయనా బతకాలి కదా. ఫిడేలు కూడా ఉంటే ఇంకో ఖర్చు. మా నాన్న టైలరు. ఇన్నాళ్లూ శ్రీరామనవమి పందిళ్లలోనూ ధనుర్మాసంలోనూ కథలు చెప్పుకున్న డబ్బుతో నెలకోసారి మాత్రమే వాద్యాలతో సాధన చేసేదాన్ని. ఇకమీదట వారం వారం చేసుకోవచ్చు. నా మట్టుకు ఈ డబ్బంటే అదీ.

కాగితాలన్నీ తేలిగ్గానే అయ్యాయి. పదో తరగతి మెమో, ఆధార్, ఫోటోలు, కథలు చెప్పిన చోట వేసిన కరపత్రాలు. స్కాన్ చేయించి ఆన్‌లైన్లో పెట్టాను.

రెండేళ్లలో ఏం చేస్తానో రాయడానికి మాత్రం బాగా ఆలోచించాను. "మన సంస్కృతిని భావితరాలకు అందిస్తాను" అని రాయకండి. అందరూ రాసేది అదే. ఇప్పుడు పందిళ్లలో గంటలో కథ ముగించమంటున్నారు. వెనక డాన్స్ ప్రోగ్రామో ఇంకోటో ఉంటుంది. గంటలో చెప్పాలంటే ముందు పోయేవి పిట్టకథలు, ఆ తర్వాత పద్యాలు. గజేంద్ర మోక్షం కథని పాత పద్ధతిలో మూడు గంటలు, పద్యాలూ వచనమూ ఏదీ తగ్గించకుండా చెప్పేలా తయారవుతానని రాశాను. సంస్కృత శ్లోకాల ఉచ్చారణ ఎవరి దగ్గర దిద్దుకుంటానో, చిడతలతో ఏ తాళాలు ఇంకా సాధించాలో కూడా రాశాను. ఇది నేనే రాసుకున్నాను, ఎవరిచేతా రాయించలేదు. బాగా వచ్చిందని నాకు అప్పుడే తెలుసు.

ఇక అసలు విషయం. కనీసం అయిదేళ్లు గురువు దగ్గరో సంస్థలోనో నేర్చుకుని ఉండాలన్నది నిబంధన. ఇప్పటి గురువు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అంతకుముందు వేరే గురువు ఉంటే ఆయనా సంతకం పెట్టాలి. నిబంధనని నేను తప్పు పట్టను. నేర్చుకోని వాళ్లకి డబ్బెందుకిస్తారు? కానీ ఇప్పటి గురువుగారు, మేమందరం అమ్మగారు అంటాం, ఆవిడ దగ్గర నాకు అయిదేళ్లు నిండలేదు. అంతకుముందు చిన్నప్పట్నుంచీ ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. ఆ ఏళ్లు కలిస్తేగానీ నా దరఖాస్తు నిలవదు.

ఆయన దగ్గర్నుంచి ఎందుకొచ్చేశానో చెప్పాలి. ఇంటర్ చదివే రోజుల నుంచి ఆయన కథల్లో సగం నేనే చెప్పేదాన్ని. ఆయన గొంతు అలిసిపోయినప్పుడు నన్ను నిలబెట్టేవారు. జనం మెచ్చి చదివించిన నోట్లు కూడా ఆయన పళ్లెంలోకే వెళ్లేవి. దసరాకి ఒక చీర పెట్టేవారు. ఒక ఊరి కమిటీవాళ్లు నన్ను విడిగా కథకి పిలిస్తే, "అది ఇంకా చిన్నపిల్ల, దానికేం వచ్చు" అని ఆయనే వద్దని పంపేశారు. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు వచ్చేశాను. వచ్చేటప్పుడు కాళ్లకి దండం పెట్టే వచ్చాను. ఇన్నేళ్లలో ఒక్క మాట కూడా ఆయన్ని అనలేదు.

సంతకం కోసం పళ్లు, పూలు, తాంబూలం పట్టుకుని వెళ్లాను. అరుగు మీద పిల్లలకి పాఠం చెబుతున్నారు. నన్ను చూసి చూడనట్టు ఊరుకున్నారు. పాఠం అయ్యేదాకా నిలబడ్డాను. అయ్యాక తల ఎత్తి, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

నా నోట మాట రాలేదు. ఆ ఇంట్లో నేను నీళ్లు తోడాను, అమ్మవారి పూజకి పూలు కట్టాను, ఆయన కథ చెబుతుంటే వెనక తంబూరా పట్టుకుని కూర్చున్నాను. పేరు చెప్పాను. "ఓహో. నా దగ్గర నేర్చుకున్నావా? నాకు గుర్తులేదే" అన్నారు. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. సరే, ఏం వచ్చో పాడమన్నారు. శ్రుతి లేదు, తాళం వేసేవాళ్లు లేరు. అయినా ఎత్తుకున్నాను. పల్లవి కూడా పూర్తి కాకుండానే చెయ్యెత్తి ఆపేసి, "నేను నేర్పింది ఇది కాదు. ఇది నేర్పినవాళ్లనే అడుక్కో" అన్నారు. నేను పాడింది ఆయన నేర్పిన కీర్తనే, ఆయన నేర్పినట్టే పాడాను. ఎదురుగా ఉన్న పిల్లల్లో ఒకతికి అది తెలుసు. ఆ పిల్ల ముఖం కిందికి దించుకుంది.

తర్వాత మళ్లీ వెళ్లాను. ఏకాదశి వెళ్లాక రమ్మన్నారు. వెళితే ఊళ్లో లేరన్నారు. ఇంకోసారి వెళితే మాస్టారి భార్య పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, "పడుకున్నారమ్మా" అన్నారు. లోపల చిడతల చప్పుడు వినబడుతోంది. పిన్నిగారికీ అది నాకు వినబడుతోందని తెలుసు. పాపం, ఆవిడ కళ్లు తుడుచుకుని తలుపు వేసుకున్నారు. దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది.

ఆఖరికి మాస్టారు కబురు పంపారు. నవరాత్రుల్లో ఆయన పెట్టించే కథల్లో నేను సంభావన లేకుండా చెప్పాలి. వేదిక మీద ఆయన కాళ్లు పట్టుకుని, గురువుని కాదని వెళ్లి తప్పు చేశానని మైకులో చెప్పాలి. అప్పుడు సంతకం పెడతారట. సంభావన లేకుండా చెప్పడానికి నేను ఒప్పుకున్నాను. కాళ్లకి దండం పెట్టడానికీ ఒప్పుకున్నాను. తప్పు చేశానని మాత్రం చెప్పనన్నాను. నేను చేసింది తప్పు కాదు. అమ్మ ఏడ్చి, ఒక్క మాటే కదా అనెయ్యమంది. నాన్న మాత్రం, "అనొద్దు. డబ్బు రాకపోతే పోయింది" అన్నాడు. నాన్న అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

దారి చూపింది మృదంగం తాతగారు. మాస్టారికి ఎన్నో ఏళ్లుగా వాయించిన మనిషి, వయసులోనూ ఆయనకంటే పెద్ద. నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అరుగు మీద కూర్చుని, "ఈ పిల్ల నీ దగ్గర నేర్చుకోలేదంటే, నీ పక్కన నిలబడి కథ చెబితే నేనెవరికి వాయించానోయ్?" అన్నారు. మాస్టారు మాట్లాడలేదు. కలం తీసుకుని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి నా వైపు విసిరారు. అందులో ఏముందో తెలుసా? "ఈ అమ్మాయి నా వద్ద కొంతకాలం హరికథ అభ్యసించినది." కొంతకాలం! అయిదేళ్లు చూపించాల్సిన చోట "కొంతకాలం" అని ఉంటే ఆ కాగితం దేనికి పనికొస్తుంది? అది ఆయనకి తెలిసే రాశారు. తాతగారు ఆ కాగితం చింపేసి, నేను తీసుకెళ్లిన ఫారం ముందు పెట్టి, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకానో వేయించేదాకా అక్కడి నుంచి లేవలేదు. సంతకం పెడుతూ మాస్టారు అన్న మాట: "ఆడపిల్లలకి ఈ డబ్బులు దేనికి? పెళ్లయితే గజ్జెలు అటకెక్కిస్తారు."

ఆయన అరుగు మీద నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. కపిలేశ్వరపురం సర్వారాయ హరికథా పాఠశాలలో నేర్చుకున్న ఆడపిల్లలు ఊరూరా కథలు చెబుతున్నారు. 2024లో హరికథకి పద్మశ్రీ అందుకున్నది ఉమామహేశ్వరిగారు, ఆడమనిషి. మాస్టారు ప్రతి కథకీ ముందు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని తలుచుకుని దండం పెడతారు. ఆ నారాయణదాసుగారు మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి కథ విని ఈ దారి పట్టారని మా పాఠాల్లో మాస్టారే చెప్పారు. విన్నవాడు తనని మించిపోతాడేమోనని నాయుడుగారు భయపడి ఉంటే మనకి హరికథే ఉండేది కాదు. విద్య ఇచ్చినవాడు దాన్ని అప్పులా రాసుకోకూడదు. శిష్యురాలు ఎదిగితే గురువు పేరు తగ్గదు. నేను ఎక్కడ కథ చెప్పినా మొదట మాస్టారి పేరే చెబుతాను, ఇప్పటికీ చెబుతాను. ఆ మర్యాద నాది.

ఇంటర్వ్యూ సంగతి రెండు ముక్కల్లో. అదే ఎక్కువ భయపెడుతుందని అందరూ అన్నారు, నాకు అదే అన్నిటికంటే హాయిగా అనిపించింది. రానూపోనూ ఖర్చు మనదే, అది ముందే చూసుకోండి. గజ్జెలు కట్టుకుని, చీర నడుముకి బిగించి నిలబడ్డాను. హిందీలో చెప్పాలా అని అడిగితే తెలుగులోనే చెప్పమన్నారు. మొసలి ఏనుగు కాలు పట్టిన ఘట్టం ఎత్తుకున్నాను. తెలుగు రాని ఒక పెద్దాయన నా చిడతలకి చేత్తో తాళం వేస్తూ కూర్చున్నారు. "లావొక్కింతయు లేదు" పద్యం అందుకునేసరికి గదిలో ఎవరూ కదల్లేదు. ఆ రోజు నేను చెప్పినట్టు అంతకుముందెప్పుడూ చెప్పలేదు. అప్పుడే అనుకున్నాను, ఇది నాకు వస్తుందని.

ఇకముందు రోజుకి కనీసం మూడు గంటల సాధన చేయాలి, ఆర్నెల్లకోసారి ఏం నేర్చుకున్నామో రిపోర్టు పంపాలి. సాధన మాటకొస్తే మూడు గంటలకి మించే చేస్తున్నాను.

దరఖాస్తు వేయాలనుకునే వాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. గురువుగారితో మంచిగా ఉన్నప్పుడే, ఏడాదికోసారి, నేర్చుకున్న సంవత్సరాలు అంకెల్లో వేయించి సంతకం తీసుకోండి. తేదీ ఉండాలి. "కొంతకాలం" అని ఉంటే ఒప్పుకోకండి. అడగడానికి మొహమాటపడకండి, అది మీ కష్టం. కరపత్రాలు దాచుకోండి. శిష్యురాలు అని మీ పేరు అచ్చయిన ప్రతి కాగితమూ దాచుకోండి. పక్కవాద్యాల వాళ్లని గౌరవించండి, మీకు సాక్ష్యం చెప్పేది వాళ్లే.

ఇవాళ పొద్దున్న అమ్మగారి ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాను. మాస్టారి అరుగు మీద జరిగిందంతా అప్పుడు మొదటిసారి ఆవిడకి చెప్పాను. విని, లోపలికి వెళ్లి ఒక కొత్త రిజిస్టరు తెచ్చారు. ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలందరి పేర్లూ, చేరిన సంవత్సరమూ నాచేత రాయించి, ఒక్కో పేరు పక్కన సంతకం పెట్టారు. మాస్టారి అరుగు మీద తల దించుకున్న పిల్ల పోయిన నెలే ఇక్కడ చేరింది, దాని పేరూ అందులో ఉంది.