రెండోసారి ఎందుకు చేయించుకున్నానంటే

"స్లీవ్ చేయించుకున్నావుగా, మళ్ళీ ఈ బైపాస్ ఏంటి? తగ్గిన ఒళ్ళంతా తిరిగి వచ్చేసిందా?" అని అడిగినవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. స్లీవ్, బైపాస్ రెండూ ఒళ్ళు తగ్గడానికి పొట్టకి చేసే ఆపరేషన్లే, ఈ బైపాస్ గుండెది కాదు. ఒళ్ళు రాలేదు. 112 కిలోల నుంచి 74కి దిగాను, తర్వాత 77 దగ్గర ఆగాను. స్లీవ్ ఒప్పుకున్న పని చక్కగానే చేసింది. నేను అడగని పని ఇంకోటి కూడా చేసిపెట్టింది.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పావు వంతు తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. తీసేసింది మళ్ళీ పెట్టడం ఉండదు. ఆ గొట్టంలో ఒత్తిడి పెరిగి కొందరికి ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ముందునుంచే గుండెల్లో మంట ఉన్నవాళ్ళకైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించి చేయాల్సిన ఆపరేషన్ ఇది. నాకు ముందునుంచే ఉంది. పడుకునే ముందు గ్యాస్ మాత్ర వేసుకోవడం ఎన్నో ఏళ్ళ అలవాటు. మొదటి డాక్టరు ఆ మాట అడగలేదు, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దించి పొట్ట లోపల చూసే పరీక్ష) చేయించలేదు. మరి నువ్వెందుకు చెప్పలేదు అని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. చెప్పాలని నాకేం తెలుసు? అడగాల్సింది ఎవరు?

రెండేళ్ళు మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోయాను. ఒక రాత్రి దిండు జారిపోయింది. పుల్లటి నీళ్ళు ఊపిరిగొట్టంలోకి పోయి, ఊపిరి లోపలికీ పోదు, బయటికీ రాదు. ఆయన వీపు మీద చరుస్తూనే ఉన్నారు. ఆ తెల్లారే వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాయి. అన్నవాహిక అడుగున పుండ్లు, పైగా పొట్ట పైభాగం కాస్త ఛాతీలోకి జరిగి ఉంది. మాత్రల డోసు పెంచి నాలుగు నెలలు చూశారు. లాభం లేకపోయింది.

ఇక బైపాస్ చేయాలంటూ ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పైన చిన్న సంచి ఉంచుతాం, సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. చిన్నపేగును పైకి తెచ్చి దానికి కుడతాం. మిగతా పొట్టలో ఊరే ఆమ్లం, పైత్యరసం వేరే దారిన వెళ్ళి కింద ఎక్కడో కలుస్తాయి, గొంతు దాకా వచ్చే పని ఉండదు. "లోపల పాత ఆపరేషన్ అతుకులు ఉంటాయమ్మా. మొదటిదానికంటే దీంట్లో ప్రమాదం ఎక్కువే" అని కూడా అన్నారు. దాచకుండా చెప్పినందుకే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఆపరేషన్ సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. చెప్పాల్సింది ఆ మర్నాటి రాత్రి గురించి.

పన్నెండు దాటాక ఒళ్ళంతా చల్లబడినట్టు, గుండె చెవిలో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. సిస్టర్ వచ్చి చూస్తే నాడి 118. అరగంట ఆగి మళ్ళీ చూసింది, 126. డ్యూటీ డాక్టరుని పిలిచింది. అతను కడుపు మీద చెయ్యి కూడా వేయలేదు. మంచం కొసన నిలబడి ఫైలు చూసి, "టెన్షన్ అంతే, నిద్రకి ఏదైనా ఇవ్వండి" అన్నాడు. కర్టెన్ అవతలికి వెళ్ళాక సిస్టర్‌తో అన్న మాట మాత్రం నా చెవిన పడింది: "ఒకసారి కోసినా నోరు కట్టుకోలేనివాళ్ళకి రెండోసారి కోసి ఏం లాభం!"

నొప్పికి ఏడవలేదు గానీ, ఆ మాటకి ఏడ్చాను. శబ్దం రాకుండా ఏడవడం కూడా కష్టమే, కుట్లు లాగుతాయి. చచ్చిపోతానేమో అన్న భయం ఒకపక్క, తిండికి కక్కుర్తిపడి చచ్చిందనుకుంటారేమో అన్న సిగ్గు ఒకపక్క. రెండోదే ఎక్కువ బాధపెట్టిందంటే నవ్వుతారేమో.

సిస్టర్ నిద్రమందు ఇవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని అలాగే ఓ నిమిషం నిలబడింది. తర్వాత నా ముందే ఫోను తీసి నేరుగా డాక్టరమ్మకి చేసింది. అప్పుడు టైము రెండున్నర. ఇలాంటి ఆపరేషన్ తర్వాత నాడి 120 దాటి దిగడం లేదంటే కుట్టు దగ్గర లీకో, లోపల రక్తస్రావమో ఉందేమోనని ముందు చూడాలట, టెన్షన్ మాట తర్వాతట. డాక్టరమ్మ వచ్చేసరికి నన్ను స్కానింగ్‌కి తీసుకెళ్తున్నారు. లీకు లేదు. కానీ హిమోగ్లోబిన్ 11.8 నుంచి 8.1కి పడిపోయింది. కోసి కుట్టిన చోట రక్తం కారుతోంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఆపేసి, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. మళ్ళీ కోయాల్సిన అవసరం రాకుండా దానంతటదే ఆగింది. దేవుడి దయ అంటాను నేను, సిస్టర్ దయ అంటారు ఆయన. ఇద్దరి మాటా నిజమే అనుకుంటాను.

ఆ డ్యూటీ డాక్టరు మర్నాడు రౌండ్స్‌లో వచ్చాడు. "ఇప్పుడు ఎలా ఉంది?" అన్నాడు. బాగానే ఉందన్నాను. ఇంకేం అనలేకపోయాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పటికి పదకొండు నెలలు. మంట లేదు. కష్టాలు లేవని కాదు. తీపి కాస్త ఎక్కువైతే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, అరగంట పడుకోవాల్సిందే. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్ళతో ఊడింది, మళ్ళీ వస్తోంది. బి12, ఐరన్, కాల్షియం జన్మంతా వేసుకోవాలి. ఇంకో మాట, బైపాస్ అయినవాళ్ళు ఒళ్ళునొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొని మింగకండి, కుట్టు దగ్గర పుండు పడొచ్చు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ సంగతి చెప్పండి. స్లీవ్‌కి సిద్ధపడుతున్నవాళ్ళు మీ గుండెమంట గురించి ఎవరూ అడక్కపోయినా మీరే చెప్పండి, ఎండోస్కోపీ చేయించమని పట్టుబట్టండి. మొహమాటపడితే ఏమవుతుందో నన్ను చూశారుగా.

వచ్చే నెల నాకు మళ్ళీ ఎండోస్కోపీ ఉంది. పుండ్లు పూర్తిగా మానాయో లేదో అప్పుడు తెలుస్తుంది. ఆయన అప్పుడే సెలవు పెట్టేశారు.