2>&1 ముందు రాసిన పాపానికి

రాత్రి రెండు గంటలకు నడిచే బ్యాకప్ స్క్రిప్ట్ ఒకటి రాసి, చెప్పిన టైముకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను. రోజూ పొద్దున్నే లాగ్ (ఏం జరిగిందో రాసిపెట్టే ఫైల్) తెరిస్తే రెండే లైన్లు: "బ్యాకప్ మొదలైంది", "బ్యాకప్ అయిపోయింది". హాయిగా మూసేసేవాణ్ణి.

మూడు వారాలకు ఒక పాత ఫైల్ కావాల్సొచ్చింది. చూస్తే చివరి పన్నెండు రోజుల ఆర్కైవ్‌లన్నీ సగంలో తెగిపోయి ఉన్నాయి. డిస్క్ నిండిపోయింది. ఫైళ్లను ఆర్కైవ్‌గా కట్టే టార్ కమాండ్ ఆ ముక్క రోజూ చెప్పే ఉంటుంది కదా, మరి లాగ్‌లో ఏది?

క్రాన్ లైన్ చివర నేను రాసింది ఇదీ:

2>&1 >> బ్యాకప్.లాగ్

కమాండ్లను నడిపే షెల్ ఈ మళ్లింపులను ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా అమలు చేస్తుంది. 1 మామూలు అవుట్‌పుట్, 2 ఎర్రర్లు. 2>&1 అంటే ఆ రెండూ ఇక విడిపోవని నేను అనుకున్నాను. కాదు. ఆ క్షణంలో 1 ఎక్కడికి పోతోందో 2 కూడా అక్కడికి పోతుంది, అంతే. నా లైన్‌లో అప్పటికి 1 ఇంకా క్రాన్ చేతికే పోతోంది. తర్వాత >> వచ్చి 1 ని మాత్రం లాగ్‌లోకి మళ్లించింది. 2 పాత దారినే ఉండిపోయింది. రాయాల్సింది తిరగేసి:

>> బ్యాకప్.లాగ్ 2>&1

మరి ఆ ఎర్రర్లు ఏమైనట్టు? క్రాన్ వాటిని మెయిల్ చేయాలని చూస్తుంది. ఆ సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామే లేదు. సిస్‌లాగ్ (సర్వర్ సొంత లాగ్) తవ్వితే రోజూ అదే టైముకు ఒక లైన్: మెయిల్ ప్రోగ్రామ్ లేదు, అవుట్‌పుట్ పారేస్తున్నాను అని. పాపం, అదొక్కటే నిజం చెప్పింది. "అయిపోయింది" అన్న లైన్ మాత్రం నా ఘనకార్యమే. టార్ ఫెయిలైందా లేదా అని చూడకుండా ఎకో కమాండ్‌తో ఆ లైన్ కొట్టించాను.

ఇప్పుడు క్రాన్ లైన్‌లో ఏ మళ్లింపూ పెట్టడం లేదు. స్క్రిప్ట్ మొదట్లోనే ఒక్క లైన్:

ఎగ్జెక్ >> బ్యాకప్.లాగ్ 2>&1

ఆ కింద నడిచే ప్రతి కమాండ్ అవుట్‌పుటూ, ఎర్రర్లతో సహా, లాగ్‌లోకే పోతుంది. లాగ్ ఫైల్‌కు పూర్తి పాత్ ఇవ్వాలి, క్రాన్ ఏ ఫోల్డర్‌లో నిలబడి నడుపుతుందో మనం అనుకున్నట్టు ఉండదు. ఒకే > పెడితే కమాండ్ మొదలవకముందే పాత లాగ్ ఖాళీ అయిపోతుంది, అందుకే >>. తెర మీద కూడా కనబడాలని, అవుట్‌పుట్‌ను తెరకూ ఫైల్‌కూ పంపే టీ కమాండ్‌కు పైప్ చేసేవాళ్లు ఒకటి చూసుకోండి: పైప్ ఫలితంగా వచ్చేది టీ ఎగ్జిట్ కోడ్ (పని అయిందా లేదా చెప్పే అంకె, సున్నా అంటే అయినట్టు). టార్ చచ్చినా సున్నాయే వస్తుంది. బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఆ బాధ లేదు.

డిస్క్ ఖాళీ చేసి, లైన్ సరిచేసి పడుకున్నాను. పొద్దున లాగ్‌లో రెండు లైన్ల మధ్య మూడోది కనబడింది. ఒక ఫోల్డర్ చదవడానికి టార్‌కు పర్మిషన్ లేదట. అంటే అది మొదటి రాత్రి నుంచీ బ్యాకప్ కానే లేదు.