డీపీయూ ఆపరేటర్ లాగ్: టెస్ట్ పాడ్‌కి వీఎఫ్ అందింది

హోస్ట్ క్లస్టర్లో (సర్వర్ వైపుది) పెట్టిన టెస్ట్ పాడ్‌కి (కంటైనర్లు నడిచే చిన్న యూనిట్) డీపీయూ (డేటా ప్రాసెసింగ్ యూనిట్) నుంచి వర్చువల్ ఫంక్షన్ (వీఎఫ్, అంటే కార్డు పంచి ఇచ్చే వర్చువల్ నెట్‌వర్క్ పోర్ట్) వచ్చింది, పింగ్ పోతోంది. ఈ దశ కోసమే ఇన్నాళ్లూ కూర్చున్నాను కాబట్టి చాలా సంతోషంగా ఉంది. అన్నీ గుర్తుండగానే రాసి పెడుతున్నాను. ఓపెన్‌షిఫ్ట్‌లో (రెడ్ హ్యాట్ వాళ్ల కూబర్నెటీస్ ప్లాట్‌ఫామ్) డీపీయూ ఆపరేటర్ పెట్టే పని మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుంది.

డీపీయూ చూడ్డానికి నెట్‌వర్క్ కార్డే. లోపల మాత్రం సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. బ్లూఫీల్డ్-2లో 8 ఆర్మ్ కోర్లు, ఇంటెల్ ఈ2100లో 16. అందుకే ఈ సెటప్‌లో కార్డుని ఇంకో క్లస్టర్‌గానే చూస్తారు: సర్వర్ మీద ఓపెన్‌షిఫ్ట్, కార్డు మీద మైక్రోషిఫ్ట్ (దాని చిన్న రూపం), ఆపరేటర్ (డీపీయూని సెటప్ చేసి నడిపే సాఫ్ట్‌వేర్) రెండు చోట్లా. ఇది తలకెక్కితే మిగతా కాన్ఫిగరేషన్ అంతా దానంతటదే అర్థమవుతుంది.

హార్డ్‌వేర్ సంగతులు క్లుప్తంగా. బయాస్‌లో ఐఓఎంఎంయూ (పరికరాల మెమరీ యాక్సెస్‌ని అదుపు చేసేది), ఎస్ఆర్-ఐఓవీ (ఒక కార్డుని చాలా వీఎఫ్‌లుగా పంచేది) రెండూ ఆన్ చేయాలి. ఈ కార్డుల్లో చాలావాటికి సొంత ఫ్యాన్ ఉండదు, హీట్‌సింక్ మాత్రమే. సర్వర్ కేస్ కాకపోతే కార్డు మీదకే గాలి కొట్టేలా ఒక ఫ్యాన్ పెట్టాలి. కార్డు గడియారం కూడా చూసుకోవాలి. టైమ్ తేడాగా ఉంటే సర్టిఫికెట్లు చెల్లవు, ఇమేజ్ కూడా దిగదు. అందుకే కార్డు మీద క్రోనీని (టైమ్ సరిచేసే ప్రోగ్రామ్) ముందే పెట్టేశాను.

ఆపరేటర్ 'ఓపెన్‌షిఫ్ట్-డీపీయూ-ఆపరేటర్' అనే నేమ్‌స్పేస్‌లో కూర్చుంటుంది. ఇన్‌స్టాల్ అయ్యాక మనం రాయాల్సింది ఒకటే ఆబ్జెక్ట్: డీపీయూ-ఆపరేటర్-కాన్ఫిగ్. అందులో ముఖ్యమైన ఫీల్డ్ 'మోడ్'. సర్వర్ వైపు దాని విలువ 'హోస్ట్', కార్డు వైపు 'డీపీయూ'. ఒకే ఫైల్‌ని రెండు చోట్లా అప్లై చేస్తే పని జరగదు, అందుకని నేను రెండు వేర్వేరు ఫోల్డర్లు పెట్టుకున్నాను. ఆ తర్వాత నోడ్‌కి (క్లస్టర్లోని మెషిన్) డీపీయూ=ట్రూ అనే లేబుల్ తగిలించాలి. డెమన్ పాడ్ (నోడ్ మీద ఆపరేటర్ తరఫున పనిచేసేది) ఆ లేబుల్ ఉన్న నోడ్ మీదే లేస్తుంది. ఆపరేటర్ పాడ్ రన్నింగ్‌లో ఉండి డెమన్ అసలు కనపడకపోతే నేను ముందు చూసేది లేబులే.

ఎక్కువ సమయం పట్టింది పాడ్ దగ్గర. పాడ్ స్పెక్‌లో ఓపెన్‌షిఫ్ట్ డాట్ ఐఓ స్లాష్ డీపీయూ అనే రిసోర్స్ ఒకటి అడగాలి, మల్టస్ (పాడ్‌కి అదనపు నెట్‌వర్క్ తగిలించే ప్లగిన్) యానొటేషన్‌లో నెట్‌వర్క్ పేరు ఇవ్వాలి. పాడ్ ఎక్కడ ఆగిందో చూస్తే తప్పు ఏ పొరలో ఉందో తెలుస్తుంది. పెండింగ్‌లో ఉండి 'ఇన్‌సఫిషియెంట్' అని ఈవెంట్ వస్తే, నోడ్ డిస్క్రైబ్ చేసి అలొకేటబుల్ కింద ఆ రిసోర్స్ సంఖ్య చూడాలి. అక్కడ సున్నా ఉంటే డివైస్ ప్లగిన్ ఇంకా వీఎఫ్‌లని కూబ్‌లెట్‌కి (నోడ్ మీద పాడ్‌లని నడిపే ఏజెంట్) చెప్పలేదన్నమాట. హోస్ట్ డెమన్ లాగ్, దాని పక్కనే నడిచే వెండర్ (కార్డు తయారీ కంపెనీ) ప్లగిన్ లాగ్ తెరవాలి. అలా కాకుండా పాడ్ షెడ్యూల్ అయ్యి 'కంటైనర్ క్రియేటింగ్' దగ్గర నిలిచిపోతే సీఎన్ఐ (పాడ్‌కి నెట్‌వర్క్ కలిపే ప్లగిన్) వైపు చూడాలి. సీఎన్ఐ హోస్ట్ డెమన్‌ని అడుగుతుంది, అది జీఆర్‌పీసీ (ప్రోగ్రామ్‌లు నెట్‌వర్క్ మీద ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) ద్వారా కార్డు మీది డెమన్‌ని అడుగుతుంది, కార్డు వైపు వెండర్ ప్లగిన్ బ్రిడ్జ్ పోర్ట్ తయారుచేస్తుంది. ఇందులో ఏ లింక్ తెగినా హోస్ట్ వైపు కనిపించే లక్షణం ఒకటే. అందుకే రెండు టెర్మినళ్లు పక్కపక్కన పెట్టుకుని రెండు వైపుల డెమన్ లాగ్‌లనీ ఒకేసారి చూడమని గట్టిగా చెబుతాను. ఒకవైపే చూస్తూ గంటలు గడపడం కన్నా ఇది ఎంతో నయం.

లాగ్‌లు సరిపోకపోతే కాన్ఫిగ్‌లో లాగ్ లెవెల్ పెంచుకోవచ్చు. డీబగ్ అయ్యాక మళ్లీ సున్నా చేసేయండి, కార్డు మీద స్టోరేజ్ తక్కువ.

కార్డు మీద నడిపే ప్రతి ఇమేజ్ ఆర్మ్‌కి బిల్డ్ అయి ఉండాలి. ఎక్స్86 (మామూలు సర్వర్ ప్రాసెసర్) ఇమేజ్ చక్కగా డౌన్‌లోడ్ అవుతుంది, స్టార్ట్ అవగానే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని పడిపోతుంది. పోడ్‌మ్యాన్‌తో రెండు ఆర్కిటెక్చర్లకీ కలిపి ఒకే మ్యానిఫెస్ట్ (ఏ ఆర్కిటెక్చర్‌కి ఏ ఇమేజో చెప్పే జాబితా) చేసి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

అంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే వరుస ముఖ్యం. ముందు వీఎఫ్ వాడుతున్న పాడ్‌లు, తర్వాత కాన్ఫిగ్ ఆబ్జెక్ట్, చివర్లో ఆపరేటర్. ఆపరేటర్‌నే ముందు తీసేస్తే ఫైనలైజర్ (శుభ్రం చేసేదాకా డిలీట్‌ని ఆపే గుర్తు) ఉన్న ఆబ్జెక్ట్‌లు డిలీట్ కాకుండా వేలాడతాయి, వాటిని శుభ్రం చేసేవాళ్లు ఉండరు.

తర్వాతి పని సర్వీస్ ఫంక్షన్ చెయిన్. పాడ్ ట్రాఫిక్ బయటికి పోయే దారిలో, కార్డు మీదే ఒక చిన్న ఫైర్‌వాల్ కంటైనర్ని కూర్చోబెట్టాలి. కార్డు వైపు రాసే ఆబ్జెక్ట్‌లో ఫంక్షన్ పేరు, ఇమేజ్ ఇస్తే చాలు. ఫైర్‌వాల్ ఆర్మ్ ఇమేజ్ బిల్డ్ అయింది. అది నడిచాక ఐపెర్ఫ్3తో చెయిన్ ఉన్నప్పుడు, లేనప్పుడు వేగం కొలిచి, హోస్ట్ సీపీయూ ఎంత మిగిలిందో పక్కపక్కన పెట్టి చూస్తాను.