వెళ్లొస్తాను అనని పిల్లవాడు

హనుమకొండలో మా ఇంటి గేటు ముందు కారు సిద్ధంగా ఉంది. అమ్మ సకినాల డబ్బాకు మూడోసారి టేపు చుడుతోంది. మావాడు బూట్ల లేసులు కట్టుకుని లేచి, "అమ్మమ్మా, వెళ్తున్నాను" అన్నాడు. టేపు చుట్టే చెయ్యి ఆగిపోయింది. "పోయొస్తాను అనాలి బిడ్డా" అంది అమ్మ. వాడు నా వంక చూశాడు కానీ ఆ మాట అనలేదు.

కాజీపేట దాటకముందే నా ఉపన్యాసం మొదలైంది. వెళ్తాను అని వదిలేస్తే ఇక రానన్నట్టు ఉంటుంది, పెద్దవాళ్ల మనసు చివుక్కుమంటుంది, వగైరా. వాడు అంతా విని, "మళ్లీ ఎప్పుడు వస్తాం?" అన్నాడు. రెండేళ్లకేమో అన్నాను. "ఏమో అయితే వస్తానని ఎలా చెప్పను? చేయగలిగిందే చెప్పాలని నువ్వే కదా అన్నావు."

అన్నాను. మేముండే పరాయి దేశంలో ఎవరైనా మంచినీళ్లిస్తే థాంక్స్ చెప్పమని మోచేత్తో పొడిచేదీ నేనే. ఇక్కడ అమ్మ చారు పోస్తుంటే వాడు థాంక్స్ అన్నందుకు, ఇంట్లోవాళ్లకు థాంక్స్ ఏమిటని కసిరిందీ నేనే. ఏ దేశంలో ఏ అమ్మ ఎదురవుతుందో పాపం వాడికేం తెలుసు.

వాడికి అంతరిక్షం పిచ్చి. "హాలీ తోకచుక్క వెళ్లొస్తాను అనొచ్చు. వాయేజర్ వెళ్తున్నాను అనాలి" అని తేల్చేశాడు. హాలీ సుమారు 76 ఏళ్లకోసారి సూర్యుడి దగ్గరకు వస్తుంది. 1986లో వచ్చింది, మళ్లీ 2061లో రావాలి. 1977లో బయలుదేరిన అంతరిక్ష నౌక వాయేజర్ 1 ఇక రాదు. సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు, ఇక వెనక్కి పడేది లేదని నా పదో తరగతి జ్ఞానం బయటపెట్టాను. "అది భూమి నుంచి, అమ్మా. సూర్యుడు వదలడు కదా" అన్నాడు జాలిగా. 1979లో వాయేజర్ బృహస్పతి పక్కనుంచి పోతూ, ఆ గ్రహం పరుగులోంచి కాస్త వేగం లాక్కుందట. సూర్యుడి పట్టు విడిపించుకునే బలం అలా వచ్చింది. బృహస్పతి ఆ మేరకు నెమ్మదించింది కానీ, కొలవలేనంత తక్కువ. దాని బయటివైపు బిగించిన బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, తెలుగు కూడా ఉంది. "నమస్తే చెప్పారు, శుభాకాంక్షలు చెప్పారు. వెళ్లొస్తామని చెప్పలేదు!"

ఓడిపోతున్నానని తెలిసి జపాన్‌ను అడ్డం పెట్టుకున్నాను. అక్కడ ఇల్లు కదిలేటప్పుడు 'ఇత్తెకిమాసు' అంటారు, అచ్చంగా వెళ్లొస్తాను అనే. వాడు చూసే జపాన్ కార్టూన్లలో రోజూ వినబడే మాటే. "ఓ, అదా!" అని వెంటనే ఒప్పుకున్నాడు. మా అమ్మ మాట చెల్లడానికి టోక్యో నుంచి సిఫారసు కావలసి వచ్చింది. మర్యాదలు కారణంతో సహా నేర్పండి అని స్నేహితులకు సలహాలిచ్చేదాన్ని నేను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏమని చెప్పను?

భువనగిరి కోట కనిపిస్తుండగా అడిగాడు. "నువ్వు మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మమ్మకు ఏం చెప్పావు?"

"పోయొస్తానని. రెండేళ్లలో వచ్చేస్తానని."

"ఎప్పుడు?"

"2007లో."

వాడు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బీబీనగర్ దగ్గర టోల్ గేటు వచ్చింది. ఫాస్టాగ్ ఉన్న కారులో కూర్చుని నేను పర్సులో చిల్లర వెతుకుతున్నాను.